బ్రతికి వచ్చినవారికి మన బాకీ

బస్తర్ అడవులలో నేలకొరిగిన పోలీసులకు దేశం నివాళి అర్పించినది; వారి కుటుంబాలకు విరాళాలు అందినవి. కాలో, కన్నో, వినికిడో పోగొట్టుకొని ప్రాణాలతో ఇంటికి చేరినవారి మాటేమిటి?

2017 మార్చి 11వ తేదీ ఉదయం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, సుక్మా జిల్లా భెజ్జి సమీపాన, రోడ్డు పనులకు రక్షణగా బయలుదేరిన సి.ఆర్.పి.ఎఫ్. జవానులపై మావోయిస్టులు దాడి చేశారు. పన్నెండుమంది మరణించారు. కొద్దిరోజులకే హిందీ చిత్రనటుడు అక్షయ్ కుమార్ ఆ పన్నెండు కుటుంబాలకూ ఒక్కొక్క దానికి 9 లక్షల రూపాయల చొప్పున, మొత్తం ఒక కోటి ఎనిమిది లక్షల రూపాయలు విరాళమిచ్చారు.

ఆ విరాళం అంతటితో ఆగలేదు. ఇవ్వాలనే కోరిక దేశంలో ఎందరికో ఉన్నదనీ, ఎవరికి, ఏ దారిన ఇవ్వాలో తెలియకనే వారు ఊరుకుంటున్నారనీ గుర్తించి, కేంద్ర హోంశాఖ ఒక ఏర్పాటు చేసినది. అమరుడైన జవాను కుటుంబం ఖాతాలోనికి పౌరుడు నేరుగా డబ్బు పంపే ఆ ఏర్పాటుకు ‘భారత్ కే వీర్’ అని పేరు. 2017 ఏప్రిల్ 9న నాటి హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దానిని ప్రారంభించారు. ఒక కుటుంబానికి చేరిన మొత్తం 15 లక్షలకు చేరగానే ఆ సంగతి దాతకు తెలియజేస్తారు. అతడు మరొక కుటుంబానికి గాని, ఉమ్మడి నిధికి గాని ఆ సొమ్ము మళ్ళించవచ్చును. పేరు మారుమ్రోగిన ఒక ఇంటికే విరాళాలన్నీ చేరి, ప్రక్క ఇల్లు వెలవెలపోకుండా చూడడమే ఇందులోని ఉద్దేశం.

ప్రారంభమైన పదిహేను రోజులకే ఆ ఏర్పాటుకు పరీక్ష వచ్చినది. ఏప్రిల్ 24న అదే సుక్మా జిల్లాలోని బుర్కాపాల్ వద్ద 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు హతులయ్యారు. వారి పిల్లల చదువుల ఖర్చు తన సంస్థ భరిస్తుందని క్రికెట్ ఆటగాడు గౌతమ్ గంభీర్ ప్రకటించారు. పేరు తెలియని సామాన్యులు వందలూ వేలూ పంపారు. ఇది మెచ్చుకొనదగిన చరిత్ర, ఎవరూ కాదనరు.

కాని ఈ చరిత్రలో ఒక ఖాళీ ఉన్నది. పైన చెప్పిన విరాళాలన్నీ మరణించినవారి ఇండ్లకు వెళ్ళినవి. అవే దాడులలో గాయపడినవారు కూడా ఉన్నారు. వారి పేర్లు ఏ జాబితాలోనూ పైవరుసలో కనిపించవు.

వార్తలో చివరి వాక్యం

దాడి జరిగిన మరునాటి పత్రిక తెరిచి చూడండి. శీర్షికలో మృతుల సంఖ్య ఉంటుంది. క్షతగాత్రుల సంఖ్య వార్త చివర, ‘ఆస్పత్రికి తరలించారు’ అనే మాటతో ముగుస్తుంది. ఆ మాట తరువాత ఏమి జరిగినదో పాఠకుడికి తెలిసే అవకాశం చాలా తక్కువ. 2021 ఏప్రిల్ 3న సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దున తెకుల్‌గూడెం వద్ద జరిగిన పోరులో 22 మంది మరణించారని చాలామందికి జ్ఞాపకం. ఆనాడు ముప్పైమందికి పైగా గాయపడ్డారని ఎందరికి జ్ఞాపకం?

ఇది ఈనాటి అలవాటు కాదు. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో పదిమంది పోలీసులు మరణించారు. ఏటా ఆ తేదీన దేశమంతటా పోలీసు సంస్మరణ దినం జరుపుతారు. 2018లో అదే తేదీన ఢిల్లీలోని చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించారు. ఆనాడు లడఖ్‌లో చెరపట్టబడి, తరువాత తిరిగి వచ్చినవారు కూడా ఉన్నారు. పది అనే అంకె పాఠ్యగ్రంథాలకు ఎక్కినది. తిరిగి వచ్చినవారి సంఖ్య ఎక్కలేదు.

మరణం ఒక్కసారి జరిగి ముగిసేది. అందువల్ల దానికి ఒక తేదీ ఉంటుంది; ఒక పూలదండ ఉంటుంది; విరాళానికి ఒక మొత్తం ఉంటుంది. గాయం అట్లా ముగిసేది కాదు. అది ఒక మనిషితో పాటు ముప్పై, నలభై ఏళ్ళు నడుస్తుంది. దయ ఒక్క క్షణంలో పొంగే గుణం. గాయం ఏళ్ళతరబడి అడిగే అవసరం. ఈ రెంటికీ పొత్తు కుదరకపోవడమే ఇక్కడి చిక్కు.

బస్తర్ నేల, బస్తర్ గాయం

బస్తర్ అంటే ఇప్పుడు ఏడు జిల్లాల భూభాగం. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్నప్పుడు దాని విస్తీర్ణం కేరళ రాష్ట్రం కన్నా ఎక్కువ. 1998లో అది మూడు జిల్లాలయినది; తరువాత బీజాపూర్, నారాయణపూర్, సుక్మా, కొండగావ్ ఏర్పడినవి. దక్షిణాన శబరి ఒడ్డున ఉన్న కుంట, పడమట భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు వినిపిస్తుంది. భద్రాచలం వారికీ, ములుగు వారికీ బస్తర్ దూరదేశం కాదు. గోదావరి మన్నెం అంచున ఉన్న పొరుగు.

ఈ నేలమీద పోలీసును ఎక్కువగా దెబ్బతీసిన ఆయుధం తుపాకి కాదు, మందుపాతర. పెద్ద మందుపాతర రోడ్డు క్రింద ఉండి వాహనాన్నే ఎగరగొడుతుంది. 2023 ఏప్రిల్ 26న దంతేవాడ జిల్లా అరన్‌పూర్ వద్ద పదిమంది జవానులనూ, వారి వాహనం నడిపిన డ్రైవరునూ, 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు ప్రాంతంలో ఎనిమిదిమంది జవానులనూ, డ్రైవరునూ బలిగొన్నది అటువంటిదే. రెండవ రకం చిన్నది. కాలిబాటలో, ఎండుటాకుల క్రింద దాగి, అడుగు బరువు పడగానే పేలుతుంది. అది సాధారణంగా ప్రాణం తీయదు; పాదమో, మోకాలి దిగువ భాగమో తీసుకొనిపోతుంది.

2025 ఏప్రిల్ 21 నుండి మే 11 వరకు తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున కర్రెగుట్టలపై జరిగిన గాలింపులో 450 మందుపాతరలను వెలికితీసినట్లు ప్రభుత్వం ప్రకటించినది. అదే ప్రకటనలో 31 మంది మావోయిస్టులు మరణించారనీ, 18 మంది భద్రతా సిబ్బంది గాయపడ్డారనీ ఉన్నది. ఒక కొండవరుసలో, మూడు వారాలలో, పద్దెనిమిది మంది.

గాయపడినవాడి ప్రయాణం ఎట్లా ఉంటుందో ఊహించండి. తోటి జవాను తొడకు గట్టిగా కట్టు బిగించి నెత్తురు ఆపుతాడు. చెట్లు లేని జాగా దొరికితే హెలికాప్టరు దిగుతుంది; దొరకకుంటే గుడ్డ డోలీలో వాగులు దాటించి మోయవలసినదే. జగదల్‌పూర్ నుండి పెద్ద ఆస్పత్రులున్న రాయపూర్‌కు రోడ్డు మార్గాన సుమారు 300 కిలోమీటర్లు. అందువల్ల తీవ్రంగా గాయపడినవారిని విమానమార్గాన రాయపూర్‌కో, అవసరమైతే ఢిల్లీకో చేరుస్తారు. ప్రాణం నిలిపే ఈ మొదటి ఘట్టంలో ప్రభుత్వయంత్రం చురుకుగానే పనిచేస్తుంది. శస్త్రచికిత్స ఖర్చు జవాను మీద పడదు. మంత్రులు పరామర్శిస్తారు, ఛాయాచిత్రాలు తీస్తారు.

రెండవ ఘట్టం అతడు ఇంటికి వచ్చిన తరువాత మొదలవుతుంది.

జీతం నిలిచినా నిలువనివి

ప్రభుత్వం ఏమీ చేయదని చెప్పడం అన్యాయం. విధిలో గాయపడిన కేంద్రోద్యోగికి ప్రత్యేకమైన సెలవు ఉన్నది; ఆస్పత్రిలో ఉన్నంతకాలం పూర్తి జీతం వస్తుంది. ఉద్యోగంలో కొనసాగలేనివారికి 1939 నాటి నియమాలతో మొదలైన అసాధారణ పింఛను పద్ధతి ఉన్నది. జవానులు తమ జీతాలనుండి చందాలు వేసుకొని నడుపుకొనే నిధులు ఉన్నవి. సి.ఆర్.పి.ఎఫ్. జవానుల అటువంటి నిధి, పోరులో మరణించినవాని కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021 నవంబరులో 35 లక్షల రూపాయలకు పెంచినది. తెలుగు రాష్ట్రాల పోలీసులకు ‘ఆరోగ్య భద్రత’ అనే ఏర్పాటు ఉన్నది. నెలనెలా ప్రతి ఉద్యోగి వేసే కొద్దిపాటి చందాతో పెద్ద ఆస్పత్రులలో వైద్యం నడుస్తుంది. దాతల కన్న ముందు తోటివారే ఒకరికొకరు దాతలైనారన్నమాట.

అయినా మిగిలేవి మిగులుతవి. మొదటి సంవత్సరంలో తెగిన కాలి కండ కుంచించుకొనిపోతుంది. మొదట అమర్చిన కృత్రిమ కాలు వదులై, చర్మం ఒరుసుకొని పుండ్లు పడతవి. మళ్ళీ కొలతలు తీసి మళ్ళీ బిగించాలి. ఆ తరువాత కూడా కొన్నేళ్ళకొకసారి కాలు మార్చుకొనక తప్పదు. ఇరవై అయిదేళ్ళ యువకుడు అరవై ఏళ్ళ వయస్సుకు వచ్చేసరికి, అయిదేళ్ళకొకటి అనుకున్నా, ఏడు కాళ్ళు కావాలి. లేని పాదంలో నొప్పి పుట్టడం వైద్యులెరిగిన సంగతి. అది అర్ధరాత్రి నిద్రలేపుతుంది. పేలుడు ధాటికి చెవిలోని పొర చిరిగినవారికి వినికిడి మందగిస్తుంది. తలకు తగిలిన అదురు కొందరిలో మరపుగా, కోపంగా, నిద్రలేమిగా బయటపడుతుంది. కట్టు కట్టిన గాయాన్ని చూసి జాలిపడే పొరుగువారు ఈ గాయాన్ని చూడలేరు. తరచు దానిని మనిషి స్వభావమనుకొంటారు.

ఇక ఇంటి ఖర్చు. ఆస్పత్రికి వెంట వచ్చిన తండ్రో, తమ్ముడో కూలి మానుకొని నెలల తరబడి పట్నంలో ఉండాలి. గుడిసె గడపను, మరుగుదొడ్డిని మార్చి కట్టాలి. ఊరికి బస్సు రాకుంటే, మూడు చక్రాల బండి కావాలి. అడవి పోస్టులో పనిచేసినందుకు వచ్చే ప్రత్యేక భత్యం, కార్యాలయంలో బల్ల ముందు కూర్చున్న నాటినుండి రాదు. ఈ ఒక్కొక్క ఖర్చూ చిన్నదే. ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ దీనికి వరుస ఉండదు. ఒక సామాన్య కుటుంబం అప్పులపాలయ్యేది మాత్రం ఇక్కడనే.

చట్టం ఎక్కడ ఆగినది

అంగవైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని ఆ కారణంగా తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 1995 నాటి చట్టం చెప్పినది. 2016లో వచ్చిన కొత్త చట్టం 20వ విభాగంలో అదే రక్షణను కొనసాగించినది: పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరొక పని చూపించాలి. అయితే రెండు చట్టాలలోనూ ప్రభుత్వం కొన్ని శాఖలను మినహాయించే వీలున్నది. సి.ఆర్.పి.ఎఫ్. వంటి దళాలకు 2002లో మినహాయింపు ఇచ్చారు. 2021 ఆగస్టు 18న కేంద్ర సాయుధ దళాలలో పోరాట విధులు నిర్వహించే సిబ్బంది అందరినీ ఆ రక్షణ నుండి మినహాయిస్తూ మళ్ళీ ఉత్తర్వు వెలువడినది.

అంటే, చేయి విరిగిన గుమాస్తాకు చట్టమిచ్చే హామీ, కాలు పోయిన జవానుకు చట్టం ఇవ్వదు. అది దళం విచక్షణకు వదిలివేయబడినది. దళాలు చాలామందిని తేలికైన పనులలో నిలుపుకొంటున్న మాట నిజమే. కాని హక్కు వేరు, దయ వేరు. ఈ భేదాన్ని సుప్రీంకోర్టు కూడా స్పృశించినది. తిరుగుబాటు ప్రాంతాలలో పనిచేసి మానసిక రుగ్మతకు లోనైన ఒక సి.ఆర్.పి.ఎఫ్. అధికారి విషయంలో 2021 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో, ఆయుధం చేతికివ్వకుండా వేరే తగిన పని చూపి, జీతం, హోదా కాపాడవచ్చునని న్యాయస్థానం చెప్పినది.

ఒకే గాయం, వేర్వేరు విలువలు

బస్తర్‌లో ఒకే బాటన నడిచేవారు అందరూ ఒకే దళంవారు కారు. సి.ఆర్.పి.ఎఫ్. జవాను కేంద్రోద్యోగి. అతని ప్రక్కన నడిచే ‘జిల్లా రిజర్వు గార్డు’ రాష్ట్ర పోలీసు. 2008లో కాంకేర్, నారాయణపూర్‌లలో మొదలై, 2015 నాటికి దంతేవాడ వరకు విస్తరించిన ఈ దళంలో ఎక్కువమంది స్థానిక ఆదివాసీ యువకులు. లొంగిపోయిన మావోయిస్టులు కూడా ఉన్నారు. అడవి దారులు తెలిసినవారు కావడం వల్ల ముందు అడుగు తరచు వారిదే. ‘భారత్ కే వీర్’ కేంద్ర దళాల అమరుల కోసం పుట్టిన ఏర్పాటు. అరన్‌పూర్‌లో, కుట్రులో మరణించిన జవానులు రాష్ట్రపు దళానికి చెందినవారు.

వారికన్నా ముందు మరొక వర్గం ఉండేది. 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత గ్రామీణ యువకులను ‘ప్రత్యేక పోలీసు అధికారులు’గా చేర్చుకొన్నారు. పేరు పెద్దది, గౌరవవేతనం నెలకు 3,000 రూపాయలు. కొద్దిపాటి శిక్షణతో వారిని మావోయిస్టులకు ఎదురు నిలుపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాష్ట్రప్రభుత్వం అదే సంవత్సరం కొత్త చట్టం చేసి వారిలో చాలామందిని సహాయక సాయుధ దళంలోనికి తీసుకొన్నది. దాతలు లెక్కలోనికి తీసుకొనవలసిన సంగతి ఇది: ఎవరి జీతం తక్కువో, ఎవరికి పట్నంలో పలుకుబడి లేదో, వారి గాయం గురించి దేశానికి తెలిసేది కూడా అంత తక్కువ.

ఈ వరుసలో చివర గ్రామస్థులున్నారు. పోలీసుకై పాతిన మందుపాతర పశువుల కాపరినీ, తునికాకు ఏరుకొనే స్త్రీనీ వేరుచేసి చూడదు. 2024 సెప్టెంబరులో బస్తర్‌కు చెందిన 55 మంది బాధితులు ఢిల్లీకి వెళ్ళి తమ గోడు వినిపించుకొన్నారు. మరొక ప్రక్క, 2012 జూన్‌లో సార్కేగూడ వద్ద పోలీసుల కాల్పులలో 17 మంది మరణించిన దుఃఖం కూడా ఈ నేలదే. పోలీసు క్షతగాత్రునికి చేసే సహాయం ఈ దుఃఖాలను మరచేది కారాదు. నిజానికి కృత్రిమ అవయవాలు అమర్చే మంచి కేంద్రం ఒకటి జగదల్‌పూర్‌లో నిండుగా నడిస్తే, జవాను, కాపరి ఒకే బల్లమీద కూర్చొని కొలతలిచ్చుకొనగలరు.

ఇతరులు నేర్చుకొన్న పాఠాలు

ఈ సమస్య మనకే వచ్చినది కాదు. ఇంగ్లండులో కేథరిన్ గర్నీ అనే సమాజసేవిక 1890లో హోవ్ పట్టణపు సముద్రతీరాన, గాయపడిన, జబ్బుపడిన పోలీసులు కోలుకొనేందుకు ఒక ఇల్లు తెరిచారు. అక్కడ ఇచ్చినది డబ్బు కాదు. కొన్ని వారాల విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. ఆమె మొదలుపెట్టిన పని రూపాలు మార్చుకొంటూ నేటికీ సాగుతున్నది.

1966 ఆగస్టు 12న లండనులో ముగ్గురు పోలీసులు పట్టపగలు కాల్చివేయబడినప్పుడు ఆ దేశం ఉలిక్కిపడినది. విహార శిబిరాల వ్యాపారి బిల్లీ బట్లిన్ రెండు లక్షల యాభైవేల పౌనుల విరాళం ప్రకటించారు. అక్షయ్ కుమార్ ఇచ్చిన విరాళానికీ దీనికీ పోలిక స్పష్టమే. ఆ సొమ్ముతో, ప్రజల చందాలతో ఏర్పడిన ధర్మనిధి ఆ ముగ్గురి కుటుంబాలతో ఆగిపోలేదు. విధిలో మరణించిన ప్రతి పోలీసు కుటుంబానికీ, విధిలో గాయపడిన పోలీసులకూ సహాయమందించే శాశ్వత సంస్థగా మారినది. నేడు దాని పేరు మారినది గాని పని మారలేదు. ఒక రోజు కలిగిన ఆవేదన అరవై ఏళ్ళ వ్యవస్థ అయినది.

అమెరికాలో డెట్రాయిట్ నగరంలో 1952లో విలియం ప్యాకర్ అనే కార్ల వ్యాపారి, ఒక పోలీసు హత్యకు గురైనప్పుడు, నూరుమంది మిత్రులకు ఉత్తరాలు వ్రాశారు. వచ్చిన సొమ్ముతో ఆ కుటుంబపు అప్పులు తీరినవి. ఆ మిత్రమండలి ‘నూరుమంది సంఘం’గా స్థిరపడినది, ఇతర నగరాలు దానిని అనుసరించినవి. ఇక్కడి కిటుకు చిన్నది: దుర్ఘటన జరిగిన తరువాత చేయి చాచడం కాదు, జరుగక ముందే సొమ్ము సిద్ధంగా ఉంచడం.

మనదేశంలో కూడా సైనికుల విషయంలో ఈ ఆలోచన పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో వికలాంగులైన సిపాయిలకు చేతిపనులు నేర్పేందుకు 1917లో స్థాపించిన క్వీన్ మేరీ సాంకేతిక సంస్థ తరువాత పూనా సమీపాన కిర్కీకి తరలినది. 1949 నుండి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నారు. చిన్నప్పుడు బడిలో నాణెం వేసి జెండా గుచ్చుకొన్నవారు మనలో ఎందరో. అయితే ఆ నిధి త్రివిధ దళాలది, పోలీసులది కాదు.

జైపూర్ కాలు, హైదరాబాదు మైదానం

ఇవ్వడంలో నేర్పు ఎట్లా ఉండాలో చూపే ఉదాహరణలు మన దగ్గరనే ఉన్నవి. 1960 దశకం చివర జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు పాదం రూపొందించారు. విదేశపు కృత్రిమ కాలు బూటు తొడుగుకొని కుర్చీలో కూర్చొనేవాడి కోసం తయారైనది. జైపూర్ కాలుతో చెప్పులు లేకుండా నడువవచ్చును, గొంతుకూర్చొనవచ్చును, బురద పొలంలో దిగవచ్చును. బస్తర్ పల్లెకు తిరిగి వెళ్ళే యువకునికి కావలసినది సరిగ్గా ఇదే. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్ళను ఉచితంగా అమరుస్తున్నది. దాత ఇచ్చే రూపాయి ఇక్కడ కాలుగా మారి నడుస్తుంది.

రెండవ ఉదాహరణ హైదరాబాదుది. నగరం అంచున ఉన్న సి.ఆర్.పి.ఎఫ్. రంగారెడ్డి గ్రూప్ సెంటరులో 2020లో జాతీయ దివ్యాంగ సాధికారతా కేంద్రం ప్రారంభమైనది. విధి నిర్వహణలో అవయవాలు కోల్పోయిన జవానులు ఇక్కడ కంప్యూటరు విద్యలూ, దివ్యాంగుల క్రీడలూ నేర్చుకొంటారు. అదే నగరంలో, రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకొని సైకిలు పోటీలలో పేరు తెచ్చుకొన్న ఆదిత్య మెహతా స్థాపించిన సంస్థ, దాతల సొమ్ముతో గాయపడిన జవానులకు క్రీడా శిక్షణ ఇస్తున్నది. 2020లో దివ్యాంగులైన సి.ఆర్.పి.ఎఫ్. జవానులు సబర్మతి ఆశ్రమం నుండి ఢిల్లీలోని రాజ్‌ఘాట్ వరకు సుమారు 900 కిలోమీటర్లు సైకిళ్ళపై ప్రయాణించి, అక్టోబరు 2న యాత్ర ముగించారు. ఒక కాలితో త్రొక్కేవారు, చేతులతో నడిపే బండ్లవారు అందులో ఉన్నారు. చూసినవారు చప్పట్లు కొట్టారు, అది సహజం. ఆ జవానులకు మాత్రం చప్పట్లకన్నా విలువైనది మరొకటి దొరికినది: తన బండిని తానే నడుపుకొనగలనన్న నమ్మకం.

విరాళం కప్పిపుచ్చుతుందా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవలసి ఉన్నది. ప్రభుత్వం పంపగా వెళ్ళి గాయపడినవాని బాధ్యత ప్రభుత్వానిదే గదా? పౌరుల విరాళం ఆ బాధ్యతను పలుచన చేయదా? ఈ ప్రశ్న న్యాయమైనది. జీతం, వైద్యం, పింఛను, ఉద్యోగ రక్షణ హక్కులు. వాటిని దానంగా ఇవ్వడం వాటిని తగ్గించడమే. దాత ఉన్నాడు గదా అని ప్రభుత్వం ఒక్క రూపాయి తగ్గించినా ఆ దానం వ్యర్థం.

కాని ఉత్తర్వుకు అందనివి ఎప్పుడూ కొన్ని ఉంటవి. వెంట వచ్చిన తమ్ముని భోజనం, మార్చి కట్టవలసిన గడప, చదువు మానబోతున్న చెల్లెలి రుసుము, రాత్రులు నిద్రపట్టనివానితో కూర్చొని మాటలాడే మనిషి: ఇవి నియమావళిలో ఇమడవు. దానం నిలువవలసిన చోటు అది. హక్కు ఎక్కడ ముగుస్తుందో అక్కడ విరాళం మొదలుకావాలి. హక్కుకు బదులుగా కాదు.

ఇచ్చేవారు మరి మూడు సంగతులు గమనించాలి. మొదటిది, ఒక్కసారి వేయి ఇవ్వడం కన్నా నెలకు నూరు చొప్పున ఏళ్ళతరబడి ఇవ్వడం గాయానికి తగిన పద్ధతి. రెండవది, పేరు వినబడినవానికి ఇచ్చే ముందు ఉమ్మడి నిధిని తలచుకోవడం. పేరు వినబడనివానికి అదే దిక్కు. మూడవది, దాడి జరిగిన వారంలో సానుభూతి పేరిట మోసగాళ్ళు కూడా ఖాతా సంఖ్యలు పంపుతారు. ప్రభుత్వం గుర్తించిన నిధికి గాని, లెక్కలు బహిరంగంగా చూపే సంస్థకు గాని తప్ప సొమ్ము పంపరాదు.

తుపాకి మ్రోత ఆగిన తరువాత

2026 మార్చి 31 నాటికి మావోయిస్టుల సాయుధ పోరాటానికి ముగింపు పలుకుతామని కేంద్ర ప్రభుత్వం 2024లో గడువు ప్రకటించినది. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు విడిచిపెట్టారు. ఏ కారణాన గాని, ఎవరి వల్ల గాని బస్తర్‌లో తుపాకి మ్రోత ఆగితే అందరూ సంతోషించవలసినదే.

అయితే ఆ సంతోషం గాయపడినవారికి ఒక చిక్కు తెస్తుంది. దాడులు లేకుంటే వార్తలుండవు. వార్తలు లేకుంటే విరాళాలు రావు. ఏ శాంతి కోసం వారు కాలు పోగొట్టుకొన్నారో, ఆ శాంతియే వారిని మన జ్ఞాపకం నుండి తొలగించివేస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సిపాయిల కోసం 1917లో పూనుకొన్నవారు ఈ సంగతి ముందే గ్రహించారు: అందుకనే వారు చందాపుస్తకంతో ఆగక పాఠశాల కట్టారు.

మనం కట్టవలసినది కూడా అటువంటిదే. ఇరవైలలో ఉన్న నేటి క్షతగాత్రుడు 2060 ప్రాంతంలో కూడా బ్రతికే ఉంటాడు. అప్పటికి భెజ్జి, బుర్కాపాల్, తెకుల్‌గూడెం పేర్లు కొత్త తరానికి పటంలోని చుక్కలు మాత్రమే. అతడు మాత్రం ఉదయం లేచి, మంచం ప్రక్కన ఆనించిన కాలును దగ్గరకు తీసుకొని, పట్టీ బిగించుకొని, ఆ రోజు పనికి బయలుదేరుతాడు. ఆ పట్టీ తెగినప్పుడు మార్చుకొనేందుకు ఒక తలుపు తెరిచి ఉండాలి. ఆ తలుపు తెరిచి ఉంచడమే, బ్రతికి వచ్చినవారికి మనం పడిన బాకీ.